ఎండలో కూర్చోబెట్టాను

మీరంతా బాగున్నారా? మోకాళ్ల నొప్పులవాళ్లకు కాస్త తగ్గిందా? పసివాళ్లకు జలుబులేమీ లేవు కదా? పెద్దవాళ్లు వేళకు తింటున్నారా? మా ఇంట్లో మా తోడికోడలు పోయింది. పన్నెండు రోజులైంది. జ్వరం ఊపిరితిత్తులకు పట్టి మూడో రోజుకే అయిపోయింది.

నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. నన్ను అక్క వరసలో అప్పా అని పిలిచేది. ఇద్దరం ఒడ్డున నెత్తళ్ల చేపలు ఎండబెట్టి సంతలో అమ్మేవాళ్లం. ఎవరైనా గీచి గీచి బేరమాడితే, "సంద్రంలో దిగి నువ్వే పట్టుకో, ఇంకా సవగ్గా వస్తాది" అనేది. అలాంటి మనిషికి కాళ్లు తిమ్మిరెక్కి నడక పోయింది. నరాల పైపొర పాడయ్యే జబ్బు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు విజయనగరం డాక్టరుగారు. ఏళ్లతరబడి గదిలోనే ఉండిపోయింది. ఒకసారి రక్తం చూసి, డి విటమిన్ బాగా తక్కువగా ఉంది, అది ఎండ వల్ల వచ్చేది, అది తక్కువున్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది అన్నారు. బస్సు పోతుందన్న కంగారులో అంతవరకే విని లేచిపోయాను.

ఎండకేం, మాకు కొదవా! మర్నాటి నుంచి మిట్టమధ్యాహ్నం మోసుకెళ్లి చేపల పక్కన కూర్చోబెట్టాను.

"నన్ను కూడా ఎండబెట్టి అమ్మేత్తావేటి అప్పా?"

"నోరు మూసుకుని కూకో. నువ్వు లేసి నడవాల."

"నన్నెవులు కొంటారు? ముల్లు తప్ప ఏటీ నేదు."

నాలుగో రోజుకు తనకు చెయ్యి లేవలేదు, చూపు మసకేసింది. చల్లబడ్డాక కాస్త తేరుకునేది. ఐదో రోజూ మోశాను. పదో రోజూ మోశాను.

"ఈ జబ్బుకి వేడి పడదమ్మా, విటమిన్‌కి మాత్రలు రాశాను కదా" అన్నారు డాక్టరుగారు, మళ్లీ వెళ్లి చెబితే. ఎండ వల్ల జబ్బు ముదరలేదనీ, పోయిన నడక మాత్రలతోనూ తిరిగి రాదనీ చెప్పారు. ఎండ వల్ల ముదరలేదన్న మాట నేనింకా పూర్తిగా నమ్మలేకపోతున్నాను.

"మరి ఎండ పడనేదని నాకు సెప్పలేదేటే?" అని ఇంటికొచ్చి తనని అడిగాను.

"రోజూ నా కాళ్లకేసే సూస్తన్నావు అప్పా. ఎలా సెప్పను?"

ఆ తర్వాత తను ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. అంత మంచితనం నాకు లేదు.

ఇప్పుడు తన కూతురికి ఎడమకన్ను మసగ్గా ఉంది. తల్లికుంటే పిల్లకు రావాలని లేదంటారు. నా మనసు ఊరుకోదు. దినాలకు వచ్చిన చుట్టాలు "పిల్లని ఎండలో కూకోబెట్టండి" అంటే, వద్దని గట్టిగా చెప్పాను. అలిసిపోయానండీ, అయినా చెప్పాను.

ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, సముద్రం మీద పడవలు చూసుకుంటోంది. గురువారం మొదటి బస్సుకు ఇద్దరం డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాం.