యోనా ముడి

దమ్మపేటలో కరెంటు పోతే జనం ముందు దేవుణ్ణి తలుచుకునేవారు, తర్వాత యోనాను. దేవుడి సంగతేమో గానీ, వైర్‌మన్ యోనా మాత్రం టీ పోయిస్తే వచ్చేవాడు.

అతని గొప్పంతా ముడిలో ఉంది. రెండు తీగల కొసలు గీకి, కటింగ్ ప్లేయరు ముట్టకుండా ఉత్త వేళ్లతో జడలా మెలిపెట్టేవాడు. నల్ల టేపు చుట్టేముందు ఇంటాయన్ని పిలిచి "లాగుండ్రి" అనేవాడు. ఇంటాయన పళ్లు బిగబట్టి లాగేవాడు. ముడి ఊడేది కాదు. కరెంటంటే ఏమిటో ఊళ్లో ఎవరికీ తెలియదు, లాగడం మాత్రం అందరికీ తెలుసు. అందుకని లాగి చూడని వైరింగు వైరింగే కాదని తీర్మానమైపోయింది. పెళ్లిచూపుల్లో పిల్లను పాడమన్నట్టు, కొత్తగా వచ్చిన ప్రతి వైర్‌మన్‌నీ ఒక ముడి వేసి లాగించమనేవారు.

అలాంటి ఊరికి తండా నుంచి దేవ్‌సింగ్ వచ్చాడు. కొత్తగూడెంలో పని నేర్చుకుని, సంచి నిండా కనెక్టర్లు తెచ్చుకున్నాడు. చిన్న తెల్లటి ప్లాస్టిక్ ముక్క. అటొక తీగ, ఇటొక తీగ దూర్చి మరలు బిగిస్తే అయిపోయినట్టే.

యోనా దాన్ని బజార్లో అందరి ముందూ పట్టి చూపించాడు. "తీగకూ తీగకూ లగ్గం జేసేటోన్ని నేను. నడుమ గీ బ్రోకర్‌గాడెందుకుర?"

బజారంతా నవ్వింది. తన పొట్ట కొట్టే నవ్వే అయినా, పాపం, దేవ్‌సింగ్ కూడా నవ్వాడు.

కొన్నేళ్లు తిరిగేసరికి యోనా వేళ్ల కణుపులు వాచాయి. దవాఖానాలో డాక్టరు వేళ్లకు పని తగ్గించమన్నాడు. వేళ్లే తన అన్నమని డాక్టరుకు ఎలా చెప్పాలో యోనాకు తోచలేదు. తనను ఎరగని ఊరని సత్తుపల్లి దాకా బస్సెక్కి వెళ్లి, అడగని షాపువాడికి "మా బామ్మర్దికి" అని చెప్పి మరీ కనెక్టర్లు కొన్నాడు. అప్పట్నుంచీ నిచ్చెన మీదే కనెక్టరు బిగించి, పైన టేపు దండిగా చుట్టేసి, ఆ తర్వాతే "లాగుండ్రి" అనేవాడు. అది కూడా ఊడేది కాదు. వయసు మీదపడ్డా యోనాకు టేపు విషయంలో పిసినారితనం లేదని జనం మెచ్చుకున్నారు.

సంగతి తెలిసింది భార్య విశ్రాంతమ్మ ఒక్కదానికే. "గా పిలగాన్ని నవ్వులపాలు జేస్తివి. ఇప్పుడు వాని సామానే దాసుకొని వాడవడ్తివి. చెప్పెయ్యరాదయ్యా?"

"చెప్తే నన్నెవడు పిలుస్తడే? ముడి లేకుంటే యోనా ఏంది?"

అంతలో కొత్త చర్చి కట్టడం పూర్తయింది. సంఘపెద్ద జకర్యా గారికి ఏదైనా నలుగురూ చెప్పుకునేలా జరగాలి. "రిబ్బను ఎవడన్న కత్తిరిస్తడు. మనం యోనాతోని చర్చి వైరింగుకు మొదటి ముడి ఏపిద్దాం, అందరి ముందట!" అన్నాడు. అసలు పనంటే ఏమిటో చూసి నేర్చుకుంటాడని దేవ్‌సింగ్‌ను కూడా పిలిపించాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక యోనా తీగలు పట్టుకుని నిలబడ్డాడు. సంఘమంతా మెడలు చాచింది. మెలిపెట్టబోతే బొటనవేలు వంగలేదు. మళ్లీ పెట్టాడు. తీగ జారింది. చెమటలు కారుతుంటే ఎలాగో రెండు కొసలూ పెనవేసి, గబగబా టేపు చుట్టేశాడు.

"ఆగాగు, లాగాలె గద!" అన్నాడు జకర్యా. "దేవ్‌సింగూ, నువ్వు రా. గట్టిగ లాగు."

దేవ్‌సింగ్ తీగ పట్టుకోగానే లోపల ముడి కదిలింది. ఒక్కసారి యోనా మొహంలోకి చూశాడు. తర్వాత కాళ్లు తన్నిపెట్టి, మెడనరాలు ఉబ్బేలా, ఏనుగును లాగుతున్నట్టు లాగాడు. తీగ మీద మాత్రం చీమంత బరువు కూడా వేయలేదు.

"ఊడ్తలేదు" అన్నాడు ఆయాసపడుతూ.

సంఘం చప్పట్లు కొట్టింది. ఇన్నేళ్లూ జనం పొగిడితే కులికిన యోనా మాత్రం, ఈ పిల్లవాడి దయ ముందు నిలవలేకపోయాడు. తీగ అందుకుని తనే ఒక్క గుంజు గుంజాడు. రెండు ముక్కలూ రెండు చేతుల్లోకి వచ్చాయి.

"వైరు మంచిది గాదు!" అన్నాడు జకర్యా వెంటనే.

"వైరు మంచిదే అయ్యా. నా వేళ్లే పోయినయి." యోనా జేబులోంచి కనెక్టర్లు తీసి బల్ల మీద పోశాడు. "మీ ఇండ్లల్ల టేపుల కింద ఉన్నయి గివే."

ఆ మధ్యాహ్నం దమ్మపేట క్రైస్తవులంతా, ఏళ్లుగా హాయిగా వెలుగుతున్న తమ బల్బులను చూసి మొదటిసారి భయపడ్డారు. జకర్యా ఇద్దరు వైర్‌మన్లనూ వెంటబెట్టుకుని తన ఇంటికి వచ్చి, మెయిను ఆపించి, టేపులన్నీ విప్పమన్నాడు. దేవ్‌సింగ్ విప్పాడు. వంటింట్లో కనెక్టరు, కొత్తదిలా ఉంది. పడకగదిలోనూ అంతే.

"నడవల ఉన్న వైర్ల పెట్టె ఒక్కటి నేను మొదట్ల ఏసింది. వేళ్లు బాగున్నప్పటిది" అన్నాడు యోనా. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో పాత దర్జా కొంచెం తిరిగొచ్చింది.

దేవ్‌సింగ్ ఆ పెట్టె మూత తీసి, నిచ్చెన మీద అలాగే ఉండిపోయాడు. ముడి వేడికి టేపు బొగ్గై, ముట్టుకుంటే రాలిపోతోంది. తీగ నల్లగా కమిలిపోయింది. పైనున్న వాసం కూడా జానెడు మేర మాడి ఉంది.

యోనా కింద నుంచి చూశాడు. జడలా మెలితిరిగిన ఆ ముడి ఎవరి చేతిదో చెప్పక్కర్లేదు.

జకర్యా మాత్రం ఆ జడ ఒక్కటే చూసి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య, నా ఇంట్ల ఒక్కటన్న అసలుది ఉన్నది. దాన్ని ముట్టుకోకుండ్రి. మిగిలినయి పీకి, అచ్చం గట్లనే ఏయుండ్రి."

యోనా వాచిన చేత్తో నిచ్చెన పట్టుకున్నాడు.

"దేవ్‌సింగూ, మిగిలినయి ఉండనియ్యి" అన్నాడు. "ముందు నాది కొయ్యి."