మేకులు నోట్లో పెట్టుకునే మనిషి

మా మావయ్య సోఫాలు బాగుచేస్తాడు. పనిలో ఉన్నప్పుడు పిడికెడు చిన్న మేకులు నోట్లో పోసుకుంటాడు. నాలుకతో ఒక్కొక్కటే ఏరి పెదాల మీదికి తెచ్చి, అక్కణ్ణుంచి తీసి చెక్కలోకి సుత్తితో కొట్టుకుంటూ పోతాడు. ఇన్నేళ్ళుగా ఇనుమూ తుప్పూ రుచి చూసిన ఆ నోటికి చిక్కుడు గింజ పనికిరాదట. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

ఆయన తినేవి ఇవి: ఉడికించి మెదిపిన బంగాళాదుంప, గుడ్డులో తెల్లసొన, రొట్టె, పాలు. రంగున్నదేదీ ముట్టడు. పచ్చగా ఉంటే గడ్డి అంటాడు, ఎర్రగా ఉంటే ఇదేం రంగంటాడు. రెండు పదార్థాలు ఒకే గిన్నెలో కలిసి కనిపిస్తే, మేమేదో కుట్ర పన్నినట్టు మా మొహాల వంక చూస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. ఏ ఇల్లాలో బతికిపోయిందని చాలాసార్లు అనుకున్నాను. వాళ్ళమ్మ పోయేనాటికి ఆయన చిన్నపిల్లాడు, మా అమ్మ కాస్త పెద్దది. అప్పటి నుంచి అమ్మే వండి పెడుతోంది. ఇప్పుడాయనకు అరవై దాటాయి.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆయన షాపులో కవర్లు కుట్టేది నేనే కాబట్టి నాకు తెలుసు. సోఫా ఎవరు తెచ్చినా, వాళ్ళు ఎదురుగా ఉంటేనే గుడ్డ విప్పుతాడు. లోపల మంచి స్పాంజి ఉందని నమ్మించి ఎవడో కుక్కిన గుడ్డపేలికలూ చిత్తుకాగితాలూ బయటికి లాగి వాళ్ళ కాళ్ళ దగ్గర పోస్తాడు. ఒకసారి ఎలుక గూడు కూడా వచ్చింది. తను పెట్టేది కూడా చూపించే పెడతాడు.

అలాంటి మనిషి ఒకరోజు సోఫా ఒక కొస ఎత్తబోయి, పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. హెర్నియా అన్నారు. ఆపరేషన్ చేయాలి గానీ ఒంట్లో రక్తం మరీ తక్కువగా ఉంది, అది పెరిగితే గానీ చేయనంది డాక్టరమ్మ. ఈలోగా పేగు మెలిపడితే ప్రాణం మీదికొస్తుందని కూడా చెప్పింది. మాత్రలిస్తే వాంతులయ్యాయి.

"గింజలు, ఆకుకూరలు, లివర్, ఏదో ఒకటి తినండి పెద్దాయనా" అంది. రాళ్ళు తినమన్నట్టు ఆమె వంక చూశాడు.

ఇక మొదలైంది మా భాగోతం. కాళ్ళావేళ్ళా పడ్డాం. గడ్డం పట్టుకున్నాం. అమ్మ అయితే "ఒక్క ముద్దరా, నా కోసం" అని గిన్నె పట్టుకుని వెంట తిరిగింది. ససేమిరా అన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా తలా ఒక సలహా ఇచ్చి, మేం పెట్టిన టీ తాగి పోయారు. ఒకాయన "ఆకలేస్తే తనే తింటాడులే" అన్నాడు. ఆయన్ని గుమ్మం దాకా సాగనంపడానికి కూడా నేను లేవలేదు.

అప్పుడు అమ్మ ఒక పని చేసింది. చిక్కుడు గింజలు ఉడికించి, తొక్క తీసి, మెత్తగా రుబ్బి, ఆయన బంగాళాదుంపలో కలిపేసింది. తెల్లగానే ఉంది కాబట్టి కొన్నాళ్ళు గడిచిపోయింది. నాకూ చెప్పలేదు. చెబితే వద్దంటానని భయం. మేకులు ఏరే నాలుక కదా, ఒకరోజు తొక్క ముక్క తగిలింది. తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇదేంటక్కా?"

"దుంప తొక్కేమోరా" అంది అమ్మ.

"ఎన్నాళ్ళ నుంచి కలుపుతున్నావు?"

అమ్మ గిన్నె మీద మూత పెట్టింది. ఆయన కంచం పక్కకు జరిపి లేచాడు. అరిచినా బాగుండేది. ఆ రోజు నుంచి మా ఇంట్లో బంగాళాదుంప కూడా ముట్టలేదు. రొట్టె తనే కొనుక్కునేవాడు, పాలు తనే కాచుకునేవాడు. కొద్దిరోజులకే బెల్టుకు మేకుతో ఇంకో రంధ్రం పొడుచుకున్నాడు. ఉన్న తిండి కూడా పోయింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అన్నాను అమ్మతో.

"వాడేమైపోతాడోనని భయమేసిందే."

"భయమేస్తే మోసం చేస్తావా?"

"కడుపు నింపితే మోసమెలా అవుతుంది?" అని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది నాకు.

మర్నాడు నానబెట్టిన గింజల డబ్బా, చిన్న స్టవ్వు, గిన్నె పట్టుకుని షాపుకు వెళ్ళాను. గుడ్డ కత్తిరించే బల్ల మీద గింజలు బోర్లించాను.

"ఏమే, గుడ్డ తడుస్తుంది."

"తడవనీ. చూసుకో మావయ్యా. ఇవి గింజలు, ఇవి నీళ్ళు, ఇది ఉప్పు. ఇంకేం లేదు. నీ కళ్ళ ముందే ఉడకబెడతాను. నచ్చకపోతే ఉమ్మేయ్. బతిమాలడం మాత్రం ఇక నావల్ల కాదు. నువ్వు హాయిగా పోతావు. మా అమ్మేమో తమ్ముణ్ణి చేజేతులా చంపుకున్నానని బతికినన్నాళ్ళూ ఏడుస్తుంది. అది నేను చూడాలి."

ఆయన మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఉడికేదాకా గిన్నె మీది నుంచి చూపు తిప్పలేదు. ఒక గింజ నోట్లో వేసుకుని, మొహమంతా చిట్లించి మింగాడు.

"బాగాలేదు."

"బాగుంటుందని ఎవరన్నారు?"

ఇంకోటి తీసుకున్నాడు. "మొదటే ఇలా చెప్పి పెడితే తినేవాణ్ణిగా" అన్నాడు.

పచ్చి అబద్ధం. అన్నాళ్ళూ చెప్పే కదా పెట్టాం. ఆ గిన్నె ఎత్తి ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. కానీ తింటున్నాడు, అందుకని దాన్ని ఆయన ముందుకే తోశాను.

తర్వాత రోజూ షాపులోనే వండాను. గింజలయ్యాక ఆకుకూర కూడా తిన్నాడు, నన్ను తిట్టుకుంటూనే. రక్తం పెరిగింది. ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చి మళ్ళీ అమ్మ చేతి వంట తింటున్నాడు.

తింటున్నాడు గానీ, అమ్మ కంచం ముందు పెట్టగానే బంగాళాదుంపను చెంచాతో నాలుగు వైపులా చీల్చి, లోపలేముందో చూసుకుని, అప్పుడు నోట్లో పెట్టుకుంటాడు. కోపంతో కాదు, అలవాటైపోయింది. ఊహ తెలిసినప్పటి నుంచీ అటూ ఇటూ చూడకుండా తిన్న చేతి తిండి అది. ఆ చెంచా లాక్కుని వీధిలోకి విసిరేయాలనిపిస్తుంది నాకు.

మొన్న నిజంగానే లేవబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. బల్ల మీది లైటు ఆయన కంచం వైపు జరిపింది.

"చూసుకునే తినరా" అంది.