తనంతట తానే మూసుకునే నల్లా

"ఉస్తాద్ పోయిండు మహారాజ్. వాల్వ్ గుంత కాడ. జల్దీ రా."

సోమవారం పొద్దున మా వార్డు వాల్వ్‌మన్ ఫోనులో చెప్పింది ఇంతే. చనిపోయినాయన అతనికి పని నేర్పిన ఉస్తాద్, నాకు కాక. రక్తసంబంధం ఏమీ లేదు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు మావి. ముప్పై ఏళ్లకు పైగా నాందేడ్‌లో మా వాడకు నీళ్లు వదిలిన చెయ్యి ఆయనది. రిటైరైన తర్వాత ఆ చెయ్యి తన ఇంటి పై అంతస్తులో ఒక గాజు తొట్టికి, అందులోని పది పన్నెండు చేపలకు నీళ్లు పట్టింది. ఆ తొట్టికి ఆయన చేసిన యంత్రం గురించీ, అందులో నా పాలు గురించీ చెప్పకుండా ఈ వారం నేను ఏ కథా చెప్పలేను.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ని కాను. ఏడో తరగతితో బడి మానేసి, చేతికి దొరికిన పురాణాలు కూడబలుక్కుని చదివి, శనివారం సాయంత్రాలు వీధి మందిరంలో గొంతు చించుకుని చెబుతాను, అందుకే వీధికంతా నేను మహారాజ్‌ను. కాక వెనక స్తంభానికి ఆనుకుని వినేవాడు. ఒకసారి మత్స్యావతారం చెబుతున్నాను. రాజు దోసిట్లోకి వచ్చిన చేపపిల్ల కమండలంలో పట్టలేదు, కుండలో పట్టలేదు, చెరువులో పట్టలేదు. నేను ప్రళయం దాకా వెళ్లేలోపే కాక గొంతు లేచింది.

"అన్ని మంచిగనే ఉన్నయి గని మహారాజ్, కమండలంల ఉన్నప్పుడు నీళ్లు ఎవలు మార్చిండ్రు?"

జనం గొల్లుమన్నారు. నాకు మండింది. "భగవంతునికి నీళ్లు మార్చుడేంది కాకా?"

"భగవంతుడైతేంది, చేపనే గదా! నల్లా నీళ్లు గట్లనే పోస్తె పొద్దుగూకేవరకు ఎల్లెల్కల తేల్తది."

ఆయన మాట నిజమే. నల్లా నీళ్లలో కలిపే మందు చేపలకు విషం. అందుకని కాక ఆ నీళ్లను ఫిల్టర్ గుండా సన్నధారగా ఒక డ్రమ్ములోకి పట్టి, అక్కడి నుంచి తొట్టిలోకి తోడేవాడు. డ్రమ్ము నిండడానికి రెండు గంటలు. అంతసేపూ నిలబడే ఉండేవాడు. కుర్చీ చూపిస్తే తల అడ్డంగా ఊపేవాడు.

"నీళ్లు నడుస్తున్నప్పుడు కూసోవద్దు. కూసున్నోడు మర్చిపోతడు."

మరుపు అన్న మాట ఆయన నోట అంత తరచుగా ఎందుకు వస్తోందో నాకు అప్పట్లో తట్టలేదు.

పని విషయంలో ఆయన ఎంత కచ్చితమో నాకు మా నాయన పోయిన రోజున తెలిసింది. ఇంటినిండా జనం, చుక్క నీళ్లు లేవు, ఆ రోజు మా వార్డు వంతు కాదు. వెళ్లి కాళ్లావేళ్లా పడ్డాను. "వంతంటే వంతే బిడ్డా. ఇయ్యాల నీకిప్పితె అవతలి వాడకట్టు ఎండుతది" అన్నాడు. తిట్టుకుంటూ తిరిగి వచ్చాను. వెనకాలే ఆయన తన ఇంట్లో దాచుకున్న రెండు బిందెల నీళ్లు భుజాన మోసుకుని మా గడపలో దించాడు. ఆ నీళ్లతోనే మా నాయనకు చివరి స్నానం జరిగింది. ధర్మం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ ఆ రెండు బిందెల గురించే చెబుతాను.

అటువంటి మనిషి నిరుడు ఎండాకాలంలో నీళ్లు మరిచిపోయాడు. డ్రమ్ము పొంగింది. నీళ్లు మెట్ల మీదుగా కింద కొడుకు కిరాణా దుకాణంలోకి దిగి చక్కెర సంచులను కరిగించాయి. కోడలు పైకి పరుగెత్తింది, కేకలు విని నేనూ వెళ్లాను. కాక నల్లా పక్కనే నిలబడి ఉన్నాడు. నీళ్లు ఆయన పాదాల మీదుగా పారుతున్నాయి. ఆయన చేపలను చూస్తున్నాడు.

పది రోజులు తిరగకుండా మళ్లీ అంతే. కోడలు ధర్మాబాద్ పిల్ల. నోరూ ఉంది, మనసూ ఉంది.

"మామా, ఇంకొక్కసారి నీళ్లు కిందికొచ్చినయంటె నీ చేపలను గోదార్ల ఇడిచిపెట్టి తొట్టిల పెసర్లు పోసుకుంట. నవ్వుతున్నవా? ఒట్టు!"

"పెసర్లకైతె మూత గావాలె బిడ్డా, దీనికి మూత లేదు."

ఆమె నవ్వు ఆపుకుంటూ దిగిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగాక కాక నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్లు చల్లగా ఉన్నాయి.

"నీళ్లు పొంగుడు నాకు కనవడ్డది మహారాజ్. బంద్ జెయ్యాల్నని యాదికి రాలే. ఎవలకు చెప్పకు."

నేను ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరకు తీసుకుపోదామని కొడుకుతో అనాల్సింది, అనలేదు. దానికి బదులు ఉపాయం చెప్పాను. "ఈ కాపలా నీకెందుకు కాకా? దానంతటదే బంద్ అయ్యేటట్టు చెయ్యి. నువ్వు రామా కృష్ణా అనుకుంట కూసో."

నెల రోజులు ఆయన ముఖం వెలిగిపోయింది. డ్రమ్ములో రెండు తేలే బంతులు అమర్చాడు. నిండిన మట్టానికి ఒకటి, అది మొరాయిస్తే ఆదుకోవడానికి ఇంకాస్త పైన మరొకటి. నీళ్లు బంతిని లేపితే స్విచ్చి ఆగుతుంది, పైపు మీది చిన్న కరెంటు వాల్వ్ టక్కుమని మూసుకుంటుంది. బజారులో మొదట ఇచ్చిన వాల్వ్‌ను ఆయన తిప్పి పంపాడు. "కరెంటు పోతె మూసుకోవాలె. తెరుసుకునేటిది నాకెందుకు?" అన్నాడు. రెండోది బిగించి, నీళ్లు నడుస్తుండగా ప్లగ్గు పీకాడు. టక్. ధార తెగింది. 

"దీనికెరుక," అన్నాడు, "కరెంటు పోతె ఏం జెయ్యాల్నో."

తనకు ఎరుక లేదన్న మాట అందులో నాకు వినబడింది. అయినా పైకి శభాష్ అన్నాను. ఆ రోజు ఆయన్ను చేయి పట్టి కుర్చీలో కూర్చోబెట్టింది నేనే. శనివారం మందిరంలో అది భగవంతుని కృప అని కూడా చాటాను.

ఆ తర్వాత ఒక్క చుక్క కింద పడలేదు. చేపలు నిగనిగలాడాయి, కోడలు వీధంతా దూద్‌పేడాలు పంచింది. కాక కుర్చీలోనే ఉండిపోయాడు. ఒడిలో ఆయన చేతులు మాత్రం కనబడని పిడిని తిప్పుతున్నట్టు మెల్లగా తిరుగుతూ ఉండేవి. వాల్వ్ మూసుకున్న ప్రతిసారీ ఉలిక్కిపడేవాడు.

"ఎవలు బంద్ జేసిండ్రు?"

"నువ్వు చేసిన మిషనే కాకా."

"నేనా?"

శీతాకాలం వచ్చేసరికి నన్ను మా నాయన పేరుతో పిలవసాగాడు. "ఇయ్యాల మన వార్డు వంతేనా?" అని గంటకు పదిసార్లు అడిగేవాడు. పోయిన శనివారం నా కండువా కొంగు పట్టుకుని చంటిపిల్లాడిలా అన్నాడు: "జనం బిందెలు వట్టుకొని నిలవడ్డరు. నేనేమో ఈడ కూసున్న."

"ఆ పని ఎన్నడో అయిపాయె కాకా. దేవుణ్ని తలుచుకో."

యుద్ధభూమిలో రథం మీద నిలబడి, ఏ ప్రాణీ ఒక్క క్షణమైనా పని లేకుండా ఉండలేదని చెప్పినవాడు సాక్షాత్తూ ఆ దేవుడే. ఆ మాట నేను బల్ల గుద్ది ఎన్నిసార్లు చెప్పాను! చెప్పిన నోటితోనే ఒక మనిషికి మిగిలిన ఒకే ఒక్క పనిని లాగేశాను. అయ్యలారా, అమ్మలారా, మీ ఇంట్లో ఒక ముసలి చెయ్యి ఏదైనా పట్టుకుని ఉంటే, విశ్రాంతి పేరు చెప్పి దాన్ని ఊడబెరికే ముందు ఆగండి. ఆ చెయ్యి దాన్ని పట్టుకుందా, అదే ఆ చేతిని పట్టుకుని నిలబెట్టిందా? కళ్లు తెరిచి చూడండి. నేను చూడలేదు.

సోమవారం మా వంతు కాదు. అయినా తెల్లవారుతుండగానే నల్లాలు గురగురమన్నాయి. "పాణీ ఆలం! పాణీ ఆలం!" అని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నీళ్లొచ్చాయని మరాఠీలో కేకలు. మా ఇంటామె బిందెలు, బకెట్లు, పూజ చెంబు దాకా నింపింది. "ఎందుకొచ్చినయని అడుగుడెందుకు, వట్టుకోరాదు" అని నన్ను తోసింది. నేనూ నవ్వుతూ బకెట్ పెట్టాను. అప్పుడే ఫోను మోగింది.

నేను వెళ్లేసరికి కొడుకూ కోడలూ అక్కడే ఉన్నారు. కాక గుంత పక్కన ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. వాల్వ్ తిప్పే ఆయన పాత ఇనుప చావి ఇంకా దాని మీదే నిలబడి ఉంది.

"పూరా తెరిశిండు," అన్నాడు వాల్వ్‌మన్. "ఒక్క తిప్పు గుడ మిగలలే. అవతలి వార్డోల్లు నీళ్లు రాలేదని ఫోన్ల మీద ఫోన్లు. బంద్ జెయ్యాల్నా మహారాజ్?"

పూర్తిగా తెరిస్తే ఆ వాల్వ్ మెడ దగ్గర కారుతుంది. గుంత నిండింది. నీళ్లు అంచు దాటి రోడ్డు మీదికి వచ్చి, కోడలు కప్పిన తెల్లదుప్పటి కొసను తడిపి, ఆయన పాదాల వైపు పాకుతున్నాయి. మా వాడలో బిందెలు నింపుకుంటున్న ఆడవాళ్ల నవ్వులు అక్కడి దాకా వినబడుతున్నాయి.