పిడికెడు జొన్నలు

వసారాలో మా పెద్దాడు మా చేలో మిరపకోతకు కూలీల మేస్త్రీతో కూలి బేరమాడుతున్నాడు. వంటింట్లో నేను ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి రేకు డబ్బాలో వేశాను. మొన్న ఆదివారమే డబ్బా గుళ్ళో కుమ్మరించి వచ్చానేమో, గింజలు అడుగున పడి గలగలమన్నాయి. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఇంట్లో బస్తాలకు బస్తాలున్నాయి కదా, ఎందుకీ దడ అంటే ఏం చెప్పను? సారమ్మత్త సంగతి చెప్పాలి.

చిల్లకల్లుకు కాస్త ఎడంగా ఉండే మా పల్లెకు ఆవిడ బైబులమ్మ. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పి, ప్రార్థన చేసే ఉద్యోగం. మనిషి పొట్టి, నోరు మాత్రం ఊరంత. నేను నందిగామ వైపు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో "చదువు రాదా? బాగానే ఉంది సంబడం!" అని తిట్టి, బొగ్గుముక్కతో గోడ మీద అక్షరాలు దిద్దించింది. పిడికెడు బియ్యం ఆచారం నేర్పిందీ ఆవిడే. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతి పూటా దేవుడికని ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలి, ఆదివారం గుళ్ళో కుండల్లో పోయాలి. పేరుకే బియ్యం. మా మెట్ట పల్లెలో వరి అన్నం పండక్కే కాబట్టి ఆ కుండల్లో పడేవి జొన్నలే. వాటిని కూడబెట్టి తాటాకు గుడికి పెంకులు వేయించాలని సంఘానికి ఎన్నేళ్ళ కోరికో.

నా పెద్దాడు నెలల బిడ్డగా ఉన్నప్పుడు మిరప కోతల్లో పల్లె అంతా పని కట్టేసింది. కూలికి కొలిచే జొన్నలు మరో సోలెడు పెంచమని అడిగాం. "ఇష్టమైతే రండి, లేకపోతే మానండి" అన్నాడు కామందు. మానేశాం. ఏ రోజు కూలి ఆ రోజు వండుకునే వాళ్ళం, ఎన్నాళ్ళని మానతాం? ఆదివారం ప్రార్థన కాగానే సారమ్మత్త గుళ్ళో కుండల మూతలు తీసింది. సంఘ పెద్ద పౌలయ్య అడ్డం వచ్చాడు.

"అమ్మా, అయి దేవుడి గింజలు. పెంకులకని దాచినయ్యి."

"దేవుడికి తాటాకు కింద కూచోటం అలవాటేలే పౌలయ్యా. పసిబిడ్డలకి పస్తు అలవాటు లేదు."

"సరే, గుడికి రానోళ్ళక్కూడా పెడతావా?"

"ఆకలేమన్నా గుడికొచ్చేవాళ్ళనే చూసి వస్తందా?"

"పైన పెద్దలకి తెలిస్తే నీ ఉద్యోగం ఉండదు, చూసుకో."

ఆవిడ గింజలు కొలవసాగింది. లెక్క తప్పి ఒకే సోల రెండుసార్లు కొలిచింది. భయం లేని మనిషి అనుకోకండి, ఆవిడకూ భయమే. ఆ రోజు నుంచి రోజూ ఇంటింటికీ ఇంత అని పంచింది.

కుండలు ఒక్కొక్కటే అడుగంటాయి. నాకు పాలు తగ్గిపోయాయి. బిడ్డ రొమ్ము పట్టి గుంజి, ఏమీ రాక గుక్కపట్టి ఏడ్చేవాడు. కామందు మనిషి వచ్చి మా ఆయన దావీదుతో "నువ్వొక్కడివి రా, నీ ఇంటికి బస్తా జొన్నలు పంపిస్తాం" అని చెప్పి పోయాడు. ఒక్కడు వెళితే పదిమంది వెళతారు, అంతటితో అయిపోతుంది. మా ఆయనకూ తెలుసు. కానీ బిడ్డ ఏడుపు వింటూ ఎవడు కూర్చోగలడు? మర్నాడు పొద్దున్నే పనికని తలగుడ్డ చుట్టాడు. నేను బిడ్డను ఆ రొమ్ము నుంచి ఈ రొమ్ముకు మార్చుకుంటూ కూర్చున్నాను.

అదే పొద్దున ఆఖరి కుండ కడిగి బోర్లించడానికి సారమ్మత్త గుడికి వెళితే, మా అత్త, అంటే మా ఆయన తల్లి, తోడు వెళ్ళింది. చెయ్యి పెడితే కుండలో జొన్నలున్నాయట! నిన్న ఊడ్చి పంచేసిన కుండ. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళ మీద సారమ్మత్త అరిచిన అరుపు మా ఇంటిదాకా వినబడింది.

"ఎవరే పోసింది? ఒళ్ళు తెలిసే చేశారా? తినమని ఇస్తే తెచ్చి మళ్ళా ఇందులో పోస్తారటే!"

చివరికి మా అత్తే చెప్పింది: "పిడికెడు తియ్యకుండా ఎసట్లో ఎట్టా పోస్తామమ్మా? చెయ్యి రాలా."

గుడికి వచ్చే వాళ్ళూ, రాని వాళ్ళూ, అందరూ అదే పని చేశారు. సారమ్మత్త ముందు పకపకా నవ్వి, తర్వాత కొంగు మొహాన కప్పుకుని ఏడ్చిందట. ఆ గింజలు తెచ్చి మా పొయ్యి మీదే జావ కాచింది. గుమ్మంలో నిలబడ్డ మా ఆయన్ని పోవద్దని ఒక్క మాట అనలేదు.

"ఎవరియ్యి ఈ గింజలు?" అన్నాడాయన.

"మీ అమ్మయ్యి. పల్లెలో అందరియ్యీను. ముందు నీ పెళ్ళాన్ని తాగనియ్యి."

నేను తాగాను. ఆయన చూస్తూ చూస్తూ తలగుడ్డ విప్పి చూరుకు వేలాడదీశాడు.

పండిన కాయ చేలోనే రాలిపోతుంటే కామందు దిగి వచ్చాడు, అర సోల పెంచాడు. అడిగిందాంట్లో సగమే, అయినా కొలిచే రోజు అందరం నవ్వాం. పౌలయ్య మాటా నిజమైంది, సారమ్మత్తను ఉద్యోగం నుంచి తీసేశారు. మైలవరం దగ్గర చెల్లెలింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు "ఏడవకే పిల్లా, ఎసరు ఇగిరిపోద్ది" అని కసిరి బండెక్కింది. ఆ తర్వాత నాలుగు వానాకాలాలు పెంకులు లేని గుళ్ళో తడుస్తూనే ప్రార్థన చేశాం.

వసారాలో బేరం ఇంకా తెగలేదు. "ఇష్టమైతే రమ్మను, లేకపోతే మానమను" అంటున్నాడు నా కొడుకు. చేతిలో గరిటె జారిపోయింది నాకు. డబ్బా తీసుకెళ్ళి వాడి ముందు పెట్టాను.

"ఏందమ్మా ఇది?"

"నువ్వు తాగిన పాలురా."

మేస్త్రీకేమీ అర్థం కాలేదు. మా వాడికి అర్థమైంది, చిన్నప్పటి నుంచి వింటున్న కథే కదా. డబ్బాలోకి తొంగి చూసి తల దించుకున్నాడు. మేస్త్రీని కూర్చోమని పీట లాగాడు. కూలి ఎంత తేలుస్తాడో వినాలని నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.