లెటర్‌కెన్నీలో పెనాంగ్ బండి, పన్నెండు టిష్యూ ప్యాకెట్లు

మీ ఫోనుకు వచ్చిన భయంకరమైన ఫోటోను పదిమందికి పంపే ముందు, అందులో కనిపిస్తున్నది అసలేమిటని ఒక్కసారైనా అడిగారా? మర్యాద కోసం తలూపకండి. నేనూ అడగలేదు. మూఢనమ్మకాల మీద ముప్పై ఏళ్ళుగా వ్యాసాలు రాస్తున్నవాణ్ణి, హేతువాదినని చెప్పుకునేవాణ్ణి, నేనే అడగలేదు. పైగా జవాబు ముందే సిద్ధం చేసుకుని, ఐర్లండ్‌కు ఈ చివర నుంచి ఆ చివరకు బస్సెక్కి వెళ్ళి, బుద్ధి తెచ్చుకుని వచ్చాను.

నిజానికి ఈ వేసవిలో నేను ఉండవలసింది పెనాంగ్‌లో. అక్కడి నుంచి కౌలాలంపూర్, ఆ తర్వాత సింగపూర్. మూడు నగరాల్లోని చైనా వీధి బండ్లు వెతికి తినాలని పధ్నాలుగు పేజీల పథకం రాసుకున్నాను. ఏ సందులో నూడుల్స్, ఏ మూల చేప సూపు, ఏ బండి ఎన్నింటికి మూస్తారు, అన్నీ అందులో ఉన్నాయి. మార్చిలో లోకం తలుపులు మూసుకుంది. విమానం వాళ్ళు టికెట్టుకు బదులు ఒక వోచరు పంపారు. ఎగరని విమానాల్లో ఎప్పుడైనా ఎక్కవచ్చునట.

అప్పుడు సలోమి ఫోన్ చేసింది. సలోమిది తెనాలి దగ్గర. లెటర్‌కెన్నీ ఆసుపత్రిలో నర్సు. పదేళ్ళ క్రితం డబ్లిన్‌లో మా పక్కింట్లో అద్దెకుండేది.

"పెనాంగ్ ఆంటీ ఒకావిడ మా ఊళ్ళో బండి పెట్టారండీ అన్నయ్యగారూ. విమానమెందుకు, బస్సు చాలు" అంది.

అదే వారం మా ఐర్లండ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో ఒక ఫోటో వచ్చింది. ఒక పిట్టగోడ. దాని మీద వరుసగా చిన్న చిన్న టిష్యూ ప్యాకెట్లు, ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి. కింద ఇలా ఉంది: "లెటర్‌కెన్నీ చైనా బండి దగ్గర కరోనా టిష్యూలు. ఎవరూ వెళ్ళకండి. అందరికీ పంపండి." అందరూ అందరికీ పంపారు. నేను పంపలేదు గానీ నా నిర్ణయానికి నేను వచ్చేశాను. టిష్యూ మీద రాయి పెట్టారంటే అది రక్షరేకు. వైరస్ రాకుండా చైనావాళ్ళు చేసే తంతు. నిమ్మకాయలు కట్టే మనకూ వాళ్ళకూ తేడా లేదు. ఆ బండి మీద నూడుల్స్ తిని, ఆ తంతు మీద వ్యాసం రాయాలని బయలుదేరాను.

శుక్రవారం ఉదయం ఐదూ యాభైకి చెర్రీవుడ్‌లో లువాస్ ట్రామ్ ఎక్కాను. సీటు విడిచి సీటుకు ఎర్ర స్టిక్కర్లు. పెట్టెలో మొత్తం ముగ్గురం. ఎదురుగా కూర్చున్నావిడ మాస్కు చక్కగా కిందికి లాగి, తుమ్మి, మళ్ళీ పైకి లాక్కుంది. మాస్కు శుభ్రంగా ఉండాలని కాబోలు.

ఏడున్నరకు బస్సు. సగం సీట్లే అమ్ముతారు కాబట్టి ముందురోజే టికెట్టు కొనుక్కోవాలి. ఫ్లాస్కులో టీ, రెండు ఉడికిన గుడ్లు తెచ్చుకున్నాను గానీ, తినాలంటే మాస్కు తీయాలి, తీస్తే డ్రైవరు అద్దంలోంచి చూస్తాడు. గుడ్డును మాస్కు కిందనుంచి లోపలికి పంపే విద్య స్లేన్ దాటేసరికి పట్టుబడింది. ఈ బస్సు దారి మధ్యలో ఉత్తర ఐర్లండ్‌లోకి వెళ్ళి మళ్ళీ ఇటు వస్తుంది. నా వరుసలో కిటికీ పక్కన ఒక ముసలామె, మోనహన్‌లో దిగాల్సినావిడ, అల్లిక ఆపకుండానే చెప్పింది.

"సరిహద్దు ఇవతల రెండు మీటర్లు ఎడం ఉండాలి. అవతల ఒక మీటరు చాలట. ఆ జబ్బుకి అక్కడ చూపు ఆనదేమో, పాపం."

పదకొండూ నలభైకి లెటర్‌కెన్నీలో దిగాను. సలోమి గొడుగుతో నిలబడి ఉంది. మోచేతులు తాకించుకున్నాం.

"వందనాలండీ. దేవుడు లేడంటారుగా. మరి ఇంతదూరం మిమ్మల్ని క్షేమంగా తెచ్చిందెవరు?"

"బస్సు డ్రైవరు."

"ఆయన్నెవరు లేపారు పొద్దున్నే?"

"వాళ్ళావిడ అలారం పెట్టి ఉంటుంది."

"మీతో మాటలు పెట్టుకుంటే నూడుల్స్ చల్లారిపోతాయి, నడవండి" అంది. నాలుగడుగులు వేశాక గొంతు తగ్గించింది. "ఇవాళ మూడింటికి కౌన్సిల్ ఆవిడొస్తుందండీ. ఆ ఫోటో చూసి ఫిర్యాదులెళ్ళాయంట. బండి ఉంచాలా తీసెయ్యాలా అని. ఆంటీకి ఈ బండి తప్ప ఇంకేం లేదు."

దారిలో ఒక పబ్బు తెరిచి ఉంది. తొమ్మిది యూరోల భోజనం తింటేనే లోపల బీరు పోస్తారని అప్పటి నిబంధన. ఎనిమిదిన్నర యూరోల సూపు తాగినవాడికి వైరస్ అంటుకుంటుంది, తొమ్మిది యూరోల కోడి తిన్నవాడి జోలికి అది రాదు. ఈ దేశాన్ని ఇంతకాలం తర్కం తెలిసిన దేశమనుకున్నాను.

కార్ పార్కు చివర చక్రాల మీద బండి. లోపల మంట, మంట మీద నల్లటి బాణలి, దాని వెనక డెబ్భైకి దగ్గరపడ్డ పొట్టి మనిషి. ఆంటీ అనే అందరూ పిలుస్తారు. పెనాంగ్‌లోనూ బండి నడిపే ఆడమనిషిని ఆంటీ అనే అంటారట. బండి ముందు ఫోటోలోని పిట్టగోడే. దాని మీద, రెండేసి మీటర్ల ఎడంలో, అవే ప్యాకెట్లు, అవే రాళ్ళు.

నేను ఆగలేదు. ఇంగ్లీషులో, మర్యాదగానే, మొదలుపెట్టాను. భయం సహజమనీ, కాగితాలకూ రాళ్ళకూ శక్తులుండవనీ, చైనాలో కానీ ఆంధ్రలో కానీ మనిషిని కాపాడేది సబ్బేననీ చెప్పాను. ఐదు నిమిషాలు పట్టింది. సలోమి తల పట్టుకుంది. ఆంటీ బాణలి కుదుపుతూనే విన్నది.

"తంబీ, తినడానికొచ్చావా, పాఠం చెప్పడానికొచ్చావా?" అంది. నాకు యాభై ఆరు. పెనాంగ్‌లో భారతీయుడు కనిపిస్తే ఎంత వయసైనా తంబీయేనట.

అంతలో ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. గమ్‌బూట్ల ముసలి రైతు దిగాడు. పేరు షేమస్. గోడ మీద ఐదో ప్యాకెట్టు తీసి జేబులో వేసుకుని, రాయి పక్కన పెట్టి, సరిగ్గా ఆ చోటనే నిలబడ్డాడు.

"అదేమిటి?" అన్నాను.

"నా చోటు. పన్నెండుకి పెట్టి బ్యాంకుకెళ్ళొచ్చా."

"మరి రాయి?"

అతను నన్ను జాలిగా చూశాడు. "గాలి" అన్నాడు.

నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆగకముందే బస్సు వెంట పరుగెత్తి, కిటికీలోంచి సీటు మీద కర్చీఫు విసిరిన జాతి మనది! కర్చీఫు పడితే సీటు మనది. లేకపోతే తువ్వాలు, అదీ లేకపోతే చెప్పుల జత. ఆ కర్చీఫుకు ఎవరైనా దండం పెట్టారా? అందులో రోగముందని పారిపోయారా? పెనాంగ్, సింగపూర్ బండ్ల దగ్గర బల్లలు అందరివీ అని ఆంటీ చెప్పింది. ఒక బండిలో ఒకటే వంటకం. నూడుల్స్ ఒకచోట, సూపు ఇంకోచోట తెచ్చుకోవాలి కనుక, ముందు బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి వెళ్తారు. నా పధ్నాలుగు పేజీల్లో ఈ ముక్క లేదు. ఇక్కడ బల్లలు వేయకూడదు, జనం గుమికూడకూడదు. అందుకని ఆంటీ పెనాంగ్ పద్ధతిని గోడెక్కించింది. ప్యాకెట్లు క్యూలో నిలబడతాయి, మనుషులు కార్లలో కూర్చుంటారు.

క్షమించమన్నాను. ఆంటీ ఒక ప్యాకెట్టు నా చేతిలో పెట్టి, "పదకొండోది నీది" అంది.

ఒక్కో కారుకు నాలుగైదు ప్లేట్లు కావడంతో, నా వంతు ఒంటిగంటన్నరకు వచ్చింది. ఆవిడ చేసేది ఒక్కటే: చార్ క్వే టియావ్. వెడల్పాటి బియ్యపు నూడుల్స్, రొయ్యలు, ఇక్కడి డొనెగాల్ తీరపు చిన్న గుల్లలు, గుడ్డు, మొలకలు, నల్ల సోయా. మంట బాణలి అంచు దాటి లోపలికి దూకుతుంది. రెండు నిమిషాల్లో అయిపోతుంది. తొలిముద్దలో పొగ వాసన, తర్వాత గుల్లల ఉప్పదనం, చివర్న మిరప. చిప్స్ అడిగినవాళ్ళకు లేదంటుంది. చిప్స్ లేని చైనా తిండేమిటని వచ్చిన కొత్తలో ఊరంతా కోప్పడిందట.

"మా నాన్న ఒకే మూల ముప్పై ఏడేళ్ళు ఇదే వేయించాడు. ఇంకోటి ఎందుకు, ఇదే ఇంకా సరిగ్గా రాలేదు అనేవాడు" అంది ఆంటీ.

గోడ మీద కూర్చుని తింటూ సలోమిని అడిగాను, ఆ ఫోటో మొదట పెట్టిందెవరని. ఆమె నూడుల్స్‌లో మొలకలు వెతకసాగింది.

"మన గుంపులోని డాక్టరంకులండీ. మా చర్చిలో అందరికీ ఆయన మాటంటే మాటే. నేను పేషెంట్ల దగ్గర టిష్యూలు రోజూ చూసేదాన్ని, అవి సీలు కూడా తియ్యని ప్యాకెట్లని నాకు తెలుసు. అయినా గ్రూపులో నోరెత్తలేదు."

అక్కడి నుంచే ఆయనకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

"జాగ్రత్త కోసమే పెట్టానండీ."

"ఇప్పుడు విషయం తెలిసింది కదా, తీసేయండి."

"తీసేస్తే నేను తప్పు చేశానని ఒప్పుకున్నట్టవదూ?"

"అవుతుంది."

"చూద్దాం లెండి" అన్నాడు. సైన్సు చదివిన తెలుగువాడి నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు దిగులేస్తుంది.

మూడింటికి కౌన్సిల్ అధికారిణి వచ్చింది. ముఖానికి ప్లాస్టిక్ తెర, చేతిలో అట్టకు తగిలించిన ఫారం. అప్పుడే జల్లు మొదలైంది. క్యూలోని వాళ్ళు కార్లలోకి పోయారు. గోడ మీద పన్నెండు ప్యాకెట్లు బుద్ధిగా తడుస్తున్నాయి. ఆవిడ కాక మనుషులం బయట ముగ్గురమే ఉన్నాం. ఆవిడ లెక్కపెట్టింది, మళ్ళీ లెక్కపెట్టింది.

"క్యూలో ఉన్నవారి సంఖ్య అని ఇక్కడ గడి ఉంది. పన్నెండు అని రాస్తే అనుమతి మించారు. అనుమతి పదిమందికే. మనుషుల్ని మాత్రమే రాస్తే, ఆ ప్యాకెట్లన్నీ చెత్త. చెత్తయితే అది వేరే తప్పు." ఆవిడ నవ్వడం లేదు.

రెండో ప్లేటు కోసం మళ్ళీ వరుసలో ప్యాకెట్టు పెట్టిన షేమస్‌కు కోపం వచ్చింది. "నాది చెత్త కాదు. అది నేనే."

"మీరిక్కడే ఉన్నారు కదండీ?"

"ఉన్నా. ఇప్పుడు పోతున్నా" అని ట్రాక్టరెక్కి కూర్చున్నాడు.

ఆవిడ ఫారంలో మూడు కొట్టేసి రెండు చేసింది.

నేను వాదించాను. ప్యాకెట్టు దగ్గదు, తుమ్మదు, మూసి ఉంటుంది, ఈ ఊళ్ళో రెండు మీటర్ల నియమం తప్పకుండా పాటిస్తున్నవి అవొక్కటే అన్నాను. శ్రద్ధగా విన్నది.

"మీరు చెప్పింది నాకు అర్థమైంది. దానికి ఫారంలో గడి లేదు. నా ఫైలులో పదకొండు ఫిర్యాదులున్నాయి. అన్నింటికీ ఒకటే ఫోటో. మెచ్చుకుంటూ ఒక్క ఉత్తరం లేదు. నెలాఖరు సమావేశంలో ఆ ఫైలే మాట్లాడుతుంది."

"ఆవిడ వంట బాగుంటుందని ఊరందరికీ తెలుసు" అని షేమస్ ట్రాక్టరు మీదనుంచే అరిచాడు.

"నా ఫైలుకి తెలియదు" అంది.

ఆంటీ అప్పటిదాకా బాణలి కుదుపుతూనే ఉంది. ఆ మాటకు గ్యాసు కట్టేసింది. వచ్చినప్పటి నుంచి ఆ మంట ఆగడం అదే మొదటిసారి. "ఇక్కడికొచ్చి మూడేళ్ళన్నా కాలేదు" అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

కారు అద్దాలు దిగాయి. ఏం కాదు, అంతా గ్రాండ్‌గా ఉంటుంది అన్నారు. రాసివ్వండి అన్నాను. రాత తనకు అంతగా రాదన్నాడు షేమస్, వచ్చేవారం చూస్తానన్నాడు. వెనక కారులోని ఒక తెలుగమ్మాయి, ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగం చేసేది, "పేరు పెట్టకుండా రాయొచ్చా అంకుల్?" అంది. పేరు లేనివి చెల్లవని అధికారిణి చెప్పింది. అద్దాలు పైకి లేచాయి.

సలోమి తన నూడుల్స్ డబ్బా మూత చింపింది. గోడ మీద పెట్టి, గొడుగు మెడకింద ఇరికించుకుని రాసింది. తాను నర్సునని, ఇన్‌ఫెక్షన్ అంటే ఏమిటో తెలుసునని, ప్రతి వారం ఇక్కడ తింటానని, ఆ ప్యాకెట్ల వల్లనే ఇక్కడ గుంపు చేరడం లేదని. కింద పూర్తి పేరు, అడ్రసు, సంతకం.

"డాక్టరంకుల్‌కి తెలుస్తుంది" అన్నాను.

"తెలియనివ్వండి" అంది. మూతను అధికారిణికి అందించింది.

అధికారిణి ఆ నూనె మరకల అట్టముక్కను రెండువైపులా చూసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఫైలులో చేర్చింది. ఆంటీ మళ్ళీ మంట వెలిగించింది.

నాలుగున్నర బస్సులో తిరిగి వచ్చాను. స్ట్రబేన్ దాటేలోగా నా ఉత్తరం రాసేశాను. నేను పెనాంగ్ చూడలేదు. కానీ అక్కడివాళ్ళు ఒక్క వంటకాన్ని జీవితమంతా ఎందుకు వేయిస్తారో కాస్త అర్థమైంది. ఆ ఓపిక ఉన్న మనిషిని, ఒక ఫోటో ఏమిటని అడిగే ఓపిక లేని మనం రోడ్డున పడేయబోతున్నాం. ఆ పదకొండు ఫిర్యాదుల్లో మనవాళ్ళవెన్నో నేను అడగలేదు. అడగడానికి సిగ్గేసింది.

నెలాఖరుకు ఇంకా రెండు శనివారాలున్నాయి. డబ్లిన్‌లో ఉన్నవాళ్ళు ఏడున్నర బస్సెక్కండి, మధ్యలో ఉత్తర ఐర్లండ్ దాటేందుకు మీకు బ్రిటన్ వీసా ఇబ్బంది లేకపోతేనే సుమా. దక్షిణాన ఆ చివరనున్న బాలింకాలిగ్ వాళ్ళు కారులో రండి, దూరమే, అయినా రండి. తినకుండా మాత్రం రాయకండి, అది ఇంకో రకం ఫార్వర్డు. వెళ్ళండి, తినండి, కళ్ళారా చూడండి. నచ్చకపోతే నచ్చలేదనే రాయండి. చూసింది చూసినట్టు నాలుగు వాక్యాలు, కింద మీ అసలు పేరు, అడ్రసు, సంతకం. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చుకోకండి. కౌన్సిల్ ఆఫీసు అక్కడికి పది నిమిషాల నడక. తలుపుకున్న పెట్టెలో మీ చేత్తో వేసి, అప్పుడు బస్సెక్కండి.