ఒక రంగు పైన నొక్కాలి

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఆ రోజుల్లో మా వైపు ఏ పని ఎప్పుడవుతుందో ఎవరూ ఖాయంగా చెప్పేవారు కాదు. పొద్దున బయల్దేరిన బస్సు మధ్యాహ్నానికి ఏదో రాస్తారోకోలో ఆగేది (ప్రయాణికులు అక్కడే దిగి, నినాదాలిచ్చి, మళ్లీ ఎక్కేవారు). అలాంటి కాలంలోనూ అన్నీ నా లెక్క ప్రకారమే జరుగుతాయని నమ్మిన మొనగాణ్ణి నేను. కోరుట్లలో కిరాణా కొట్లో, తక్కెడ పక్కన పెరిగినవాణ్ణి. టమాటాలు కొన్నప్పుడు కొసరుగా కొత్తిమీర రాకపోతే ఆ పూట అన్నం సయించేది కాదు.

డిగ్రీ అవగానే నాన్న కొట్లో కూర్చోబెడతాడన్న భయంతో సిరిసిల్లలో మా మేనమామ బట్టల దుకాణానికి పారిపోయి, ఆయన చేత కంప్యూటర్ కొనిపించాను. ఏ గుడ్డకు ఏ రంగు వేయాలో, ఎన్ని మీటర్లో రాసి అద్దకం షెడ్డుకు చీటీలు పంపడం మా పని. దానికోసం కోరుట్లలో కంప్యూటర్ పాఠాలు చెప్పే సారు చేత స్ప్రెడ్‌షీట్‌లో మాక్రో అనే చిన్న ప్రోగ్రాం రాయించాను. బటన్ నొక్కితే చిన్న డైలాగ్ బాక్సు తెరుచుకుంటుంది. అందులోని జాబితాలో రంగు ఎంచి, మీటర్లు కొట్టి, ఓకే అంటే చీటీ అచ్చయి వస్తుంది. సారు చెప్పిన ధరను నేను సగానికి దించాను. ఆయన నీరసంగా తలూపాడు (ఆ నీరసం చూసి గెలిచాననుకున్నాను).

తీరా నడిపి చూస్తే తెలుపు ఎంచితే చీటీ మీద పసుపు వచ్చింది. పసుపు ఎంచితే గులాబీ. ఏది నొక్కినా దాని కింది రంగే. ఫోన్ చేస్తే సారు, "మిషన్ సున్నా నుంచి లెక్కవెడ్తది తమ్మీ, గక్కడ్నే జర తప్పువోయింది. సరిచేసుడుకు వేరే పైసలైతయ్" అన్నాడు.

మళ్లీ పైసలా! కంఠంలో ప్రాణం ఉండగా ఇవ్వను. రెండు రోజులు ఆలోచించి ఉపాయం కనిపెట్టాను: కావలసినదానికి ఒక రంగు పైన నొక్కాలి. గులాబీకి పసుపు, పసుపుకు తెలుపు. తెలుపు పైన ఏమీ లేదు గనుక జాబితా నెత్తిన 'ఉత్తది' అని లేని రంగొకటి చేర్చాను.

"గులాబికి పసుపు నొక్కాల్నా? గిదేం తిరకాసు అల్లుడా?" అన్నాడు మామ.

"అలవాటైతది మామా."

అయింది. ఎంతగా అంటే, అచ్చయిన చీటీని చదవడమే మానేశాం. షెడ్డులో అద్దకం చూసే రంగుల తాత ఒకసారి అనుమానం అడగబోతే, "నోటి మాట తప్పుతది గని కంప్యూటర్ కాయితం తప్పది తాతా! దాన్ల ఏముంటే గదే చెయ్యి" అని దబాయించాను కూడా.

అప్పుడొచ్చింది జగిత్యాల ఆర్డరు. తెచ్చినావిడ బీడీలు చుట్టే ఆడవాళ్లకు పెద్దదిక్కు. గొంతెత్తితే సందు చివరిదాకా వినిపిస్తుంది గనుక అందరూ మైకక్క అనేవారు. జగిత్యాలలో ఉద్యమం కోసం రోడ్డు మీదే వండి తినే వంటావార్పు పెడుతున్నారు, ఉద్యమం జెండాలకు గులాబీ గుడ్డ కావాలి. మామ నన్ను పక్కకు పిలిచి, "గిది మంచిగైతే దుకాణం నువ్వే చూసుకో. మాటవోతే మాత్రం కోరుట్ల బస్సెక్కుడే" అన్నాడు. నేను దర్జాగా పసుపు నొక్కి, చీటీ చూడకుండానే షెడ్డుకు పంపాను.

వంటావార్పు రోజు పొద్దున్నే మైకక్క ట్రాలీ ఆటోలో దిగింది. ఒక గుడ్డ తాను విప్పాం. పసుపు. ఇంకొకటి విప్పాం. అదీ పసుపే.

"తమ్మీ, జెండలకు గుడ్డ అడిగితే పెండ్లి పందిరి చేసినవేంది? గిది వట్టుకొని రోడ్డు మీద నిలవడితే నన్ను ఏ పార్టీదనుకుంటరు?"

తానులు తెచ్చిన రంగుల తాత తాపీగా, "కాయితంల పసుపనే ఉండె సేటు. అడుగుదామనుకున్న. కంప్యూటర్ తప్పదంటివి గద" అన్నాడు.

పరుగెత్తి కంప్యూటర్‌లో ఆ బాక్సు తెరిచాను. పసుపు నొక్కితే పసుపే వచ్చింది! తెలుపుకు తెలుపే! చెడిపోయిన యంత్రం బాగుపడటం చూసి అంతగా హడలిపోయినవాడు లోకంలో ఇంకొకడు ఉండడు. వెంటనే సారుకు ఫోన్ చేశాను.

"ఓ, చూసినవా? మొన్న బందుల మీ దుకాణంల ఇరుక్కపోయిన. నువ్వు లేవు. మీ మామ చాయ్ పోసిండు, పల్లీలు వెట్టిండు. ఉత్తగ కూసునుడెందుకని సరిచేసిన. పైసలేం వద్దు తీ!"

'వద్దు' అన్న మాట వినగానే ఏడుపు రావడం నాకు అదే మొదటిసారి.

"తాతా, దీని మీదనే గులాబి అద్దరాదు?" అని బతిమాలాను.

"అద్దితే కాషాయమైతది. జగిత్యాలకు గాదు, మఠానికి పంపాలె."

గోదాములో ఉన్న తెల్లగుడ్డంతా షెడ్డుకు మోశాం. తాత, మామ, నేను, కొంగు బిగించి మైకక్క, అందరం గులాబీ రంగు తొట్ల దగ్గరే. ఆరబెట్టే సమయం లేదు. దారిలో గాలికి ఆరుతుందని తడిగుడ్డ ట్రాలీ చుట్టూ కట్టేశాం. పోతూ పోతూ మైకక్క, "ఎండకు పందిరి గావాలె. పసుపుది గూడ ఎయ్యి" అంది. ధర చెబుదామని నోరు తెరిచాను. ఆమె నా వంక చూసింది. నోరు మూసుకుని తానులెత్తి, కట్టుకోవడానికి తాడు కూడా ఇచ్చాను.

ట్రాలీ మలుపు తిరిగాక మామ గల్లా దగ్గర కూలబడ్డాడు. బస్సు మాటే ఎత్తుతాడని ఎదురుచూస్తూ నిలుచున్నాను.

"ఆ సారును పిలువు. పాత తప్పు ఎట్లుండెనో గట్లనే వెట్టుమను. నా ఏలు పైకే అలవాటైంది, గిప్పుడు మారది. వెట్టిస్తే ఉండు, లేకుంటే నడువు."

మళ్లీ ఫోన్ చేశాను.

"తప్పు వెట్టాల్నా? మంచిగున్నదాన్ని చెడగొట్టుడు అల్కటి పని గాదు. పైసలైతయ్" అని సారు ఒక ధర చెప్పాడు. మామ నా నోటి వంకే చూస్తున్నాడు.

"సరే సార్" అన్నాను.

సారు నిజమైన ఆందోళనతో, "తమ్మీ, పానం మంచిగుందా?" అని అడిగాడు.

ఏం మంచిగా ఉంటుంది! చెప్పిన ధరకు ఒప్పుకున్నవాడు ఇక వ్యాపారానికి పనికిరాడని ఆ సాయంత్రమంతా గోదాము గడప మీద కూర్చుని, గోళ్ల సందుల్లో గులాబీ రంగు గీక్కుంటూ దిగులుపడ్డాను. ఇప్పుడు ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. పక్కన కూర్చుని, వాడికి ఒక చాయ్ పోయాలనిపిస్తుంది.