కొత్త ముక్కు అడిగిన నర్సవ్వ

వాన వెలిశాక కంఠేశ్వర్‌లో మా గల్లీ మోరీల పక్కన మున్సిపాలిటీ వాళ్లు తెల్ల బ్లీచింగ్ పొడి చల్లి పోతారు. మొన్న గుమ్మం దాటగానే ఆ ఘాటు సూదిలా ముక్కులో దిగింది. కళ్లు మండాయి. మనవరాలు చున్నీ అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. కాసేపటికి ఘాటు తగ్గినట్టనిపించింది. నిజంగా తగ్గిందా, నా ముక్కే మొద్దుబారిందా అని అక్కడే నిలబడి అనుమానపడ్డాను. ఈ అనుమానం నేను పుట్టుకతో తెచ్చుకున్నది కాదు, నర్సవ్వ దగ్గర నేర్చుకున్నది. నలభై దాటాక గాని నాకు అక్షరాలు రాలేదు. ఆమె నేర్పింది అంతకంటే చాలా ముందు.

తెలంగాణ ఆంధ్రతో కలిసి అప్పటికి ఐదారేళ్లయి ఉంటుంది. నిజాంసాగర్ కాలువ పారిన చోటల్లా చెరుకే. బోధన్ నుంచి నవీపేట్ వచ్చే దారిలో చెరుకు రసం కాచి చక్కెర చేసే చిన్న ఖండసారి మిల్లు ఒకటి ఉండేది. పెళ్లయిన రెండో ఏడు నేను అందులో కూలికి చేరాను. గంధకం కాల్చి ఆ పొగను చెరుకు రసంలోకి పంపితే రసం తెల్లబడుతుంది. ఆ గంధకం పొయ్యి చూసుకునేది నర్సవ్వ. యాభై దాటిన మనిషి. ముఖానికి తడిగుడ్డ, ఎర్రబారిన కళ్లు, ఎవరినీ నమ్మని చూపు. మొదటి రోజు పొగ తగిలి దగ్గలేక కూలబడితే నన్ను బయటికి ఈడ్చుకొచ్చింది.

"గీ పొగ చంపుతదా అవ్వా?" అని అడిగాను.

"ఇది మంచిదే బిడ్డా. లొల్లి వెట్టుకుంట వస్తది. కండ్లల్ల పొడుస్తది, గొంతు పడ్తది, మనిషి ఉరుకుతడు. లొల్లి వెట్టకుంట వచ్చేదాన్ని సూసుకోవాలె."

పెనాల అడుగున పేరుకున్న గార కడగడానికి మిల్లులో యాసిడ్ సీసాలుండేవి. ఒకసారి నేను మూత తీసి అదేమిటోనని ముక్కు దగ్గరికి తెచ్చుకోబోయాను. నర్సవ్వ నా చేతి మీద ఒక్కటేసింది. "ముక్కు సీసా కాడికి పోవద్దు. సీసాను దూరం వట్టి, శెయ్యితోని గాలి జర ఇటు తోలుకోవాలె" అంది. ఇది మంచి మాటే. కానీ మాకెవరికీ నచ్చని అలవాటు ఒకటి ఆమెకుండేది. ఏ గదిలోకి వచ్చినా ముందు "ఏం వాసనొస్తుందే?" అని అడిగేది. జవాబు వినేది కాదు, మా ముఖాలు చూసేది. ఎవరు మూతి తిప్పుతున్నారో, ఎవరు కొంగు అడ్డం పెట్టుకున్నారో కనిపెట్టి మమ్మల్ని పనిలో పెట్టే మేస్త్రీకి చేరవేస్తుందని కూలీలంతా అనుకునేవాళ్లు. నేనూ అనుకున్నాను. ఆమె వస్తుంటే మాటలు ఆపేసేవాళ్లం.

మరుసటి వానాకాలం, మిల్లు ఆగి ఉన్న రోజుల్లో, మేస్త్రీ మడ్డి గుంత కడిగించాలనుకున్నాడు. రసం కాచాక మిగిలే మడ్డి, కడుగు నీళ్లు చేరే గుంత అది. పలకలు కప్పి నాలుగు నెలలయింది. దాన్ని కడిగినవాడికి సీజన్ మొదలవగానే మిల్లులో ఖాయం పని అన్నాడు. ఆ పని తన అన్న కొడుక్కు ఇమ్మని నర్సవ్వ అడిగిందట, మేస్త్రీ కాదన్నాడట. మా ఆయన పోచయ్యకు ఇస్తానన్నాడు. పోచయ్యకు అప్పటికి సరైన పని లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పొద్దున పలకలు తీయగానే కుళ్లిన గుడ్ల కంపు. అందరం కొంగులు అడ్డం పెట్టుకున్నాం. నేను గుంత పక్కనే కూర్చుని సంచులు ఉతుకుతూ ఉన్నాను. మధ్యాహ్నమయ్యేసరికి కంపు లేదు. గాలి చెడితే దీపం ఆరిపోతుందని, బావిలో దిగే ముందు మన రైతులు చేసినట్టే మేస్త్రీ తాడుకు లాంతరు కట్టి గుంతలోకి దింపాడు. దీపం కదలకుండా వెలిగింది.

"దీపం మంచిగున్నది. ఏమే, వాసనున్నదా?" అని నన్ను అడిగాడు.

"పోయింది పటేలా" అన్నాను.

పోచయ్య నడుముకు తాడు కట్టుకుని నిచ్చెన రెండు మెట్లు దిగాడు. అంతలో నర్సవ్వ వచ్చి నిచ్చెన పట్టుకుంది.

"ఎక్కు బిడ్డా, పైకెక్కు. కొత్త ముక్కు గావాలె."

"దీపం ఆరలేదు గదనే ముసలీ" అన్నాడు మేస్త్రీ.

"దీపానికి ముక్కున్నదా, ఊపిరితిత్తులున్నయా?"

నాకు ఒళ్లు మండింది. "నీ అన్న కొడుక్కు పని రాలేదని నా మొగని నోటికాడి బువ్వ గుంజుతున్నవా?" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. పోచయ్యను పైకి లాగి, దారిన పసుపు బస్తాల బండి తోలుకుపోతున్న మనిషిని కేకేసింది. "అన్నా, జర ఇటొచ్చిపో."

ఆ బండతను గుంతకు పది అడుగుల దూరంలోనే ఆగి, తలపాగా కొసతో ముక్కు మూసుకున్నాడు. "థూ, ఏం మురుగవెట్టిండ్రయ్యా దీంట్ల? మీరెట్ల నిలవడ్డరు?"

మేస్త్రీ నమ్మలేదు. నర్సవ్వ ఆయన్ని రోడ్డు దాకా నడిచి, కాసేపు ఆగి రమ్మంది. గొణుక్కుంటూ వెళ్లినవాడు తిరిగొచ్చి గుంత దగ్గర ఒక్క క్షణం నిలబడి, ముక్కు మూసుకుని లాంతరు పైకి లాగాడు. గుంతలోకి ఎవరినీ దింపలేదు. గట్టు మీద నుంచే రెండు రోజులు బకెట్లతో తోడించాడు. రెండే మెట్లు దిగిన పోచయ్యకు సాయంత్రం దాకా తల దిమ్ముగా, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మర్నాడు ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను. "అవ్వా, మాకు రాని వాసన నీకెట్లొచ్చింది?"

"ఎవలు అడుగుమన్నరు? మేస్త్రీయేనా?"

"ఎవలు లే. నా మొగడు బతికిండని అడుగుతున్న."

చుట్టూ ఎవరూ లేరని చూసుకుంది. "నాకు ఏ వాసన రాక ఏడెనిమిదేండ్లాయె. గంధకం నా ముక్కును తినేసింది. అందుకే మీ మొకాలు సూస్త. పొద్దుగాల మీ కొంగులు ముక్కు మీదున్నయి. పగటాల్లకు కిందికి దిగినయి. గుంతలున్నది అట్లనే ఉండె. కంపు యాడికి పోతది? పోయింది మీ ముక్కులే." ఆ తరువాత గొంతు తగ్గించి, "మేస్త్రీకి ఎరుకైతే నన్ను పొయ్యి కాణ్నుంచి తీసేస్తడు. చెప్తవా?" అంది.

"చెప్పను."

"చెప్పవని నేనెట్ల నమ్మాలె?" అని నవ్వింది. నేనెవరికీ చెప్పలేదు. అయినా మిల్లు మూతపడే దాకా, మేస్త్రీతో నేను మాట్లాడినప్పుడల్లా ఆమె దూరం నుంచి నా ముఖమే చూస్తుండేది. నన్ను నమ్మమని నేను అడగలేదు. అందరి ముందు ఆమెను అంత మాట అన్నాక అడిగే హక్కు నాకు ఉందనిపించలేదు.

గుంత తెరిచిన ఆ సాయంత్రం పోచయ్య తలకు తడిగుడ్డ చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మేస్త్రీని నేను నోటికొచ్చినట్టు తిడుతున్నాను. ఆయన కళ్లు తెరవకుండానే అన్నాడు. "మేస్త్రీ మాట నమ్మి దిగిన్నా నేను? పోయిందని నువ్వన్నవు. గందుకే దిగిన."

ఆయన దాన్ని మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను మరిచిపోలేదు. ఇప్పటికీ ఎవరైనా వచ్చి, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా, అంతా బాగానే ఉందా అని అడిగితే వెంటనే అవునని చెప్పలేను. నేను అక్కడ ఎంతసేపటి నుంచి ఉన్నానో ముందు చెబుతాను.